ఏడవ నిజాము: మరుగుపడిన యొక శాసనము

వనస్థలిపురమునకు ఆనుకొనియున్న మహావీర హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము. నేడు అచట జింకలు నిర్భయముగ తిరుగుచున్నవి. ఆ ప్రభువులలో కడపటివాడైన మీర్ ఉస్మాన్ అలీఖానును నగరవాసులు ఆయన కట్టించిన భవనములను బట్టి స్మరింతురు. ఆయన యేలుబడిలో వెలువడిన యొక చిన్న శాసనమును స్మరించువారు అరుదు. దానిని గూడ చెప్పినగాని ఆయన చరిత్రము పూర్తికాదు.

ఆయన 1886 ఏప్రిలులో జన్మించెను. తండ్రి మహబూబ్ అలీఖాన్ మరణింపగా 1911లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, సింహాసనమధిష్ఠించెను. 1908 నాటి మూసీ వరద మిగిల్చిన గాయములు నగరమున అప్పటికింకను మానలేదు. వరద మరల రాకుండుటకై తలపెట్టిన జలాశయములలో ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. 1920లో మూసీ దక్షిణతీరమున హైకోర్టు భవనము ప్రారంభమయ్యెను.

ఇంచుమించుగ ఆ దినములలోనే, ఫసలీ 1329లో, నపుంసకుల శాసనము పుట్టెను. బాలురను అపహరింతురనియు, వారికి అంగవిచ్ఛేదము చేయుదురనియు అనుమానింపబడినవారి పేర్లను, నివాసములను ప్రభుత్వము ఒక పట్టికలో వ్రాయించి యుంచవలెను. పట్టికకెక్కినవారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, బహిరంగముగ నాట్యమాడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. రెండేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టము చూపిన త్రోవయే యిది.

బాలుర రక్షణము ఉత్తమాశయమే. కాని అపహరణము చేసినవానిని శిక్షించుట వేరు, చీర కట్టినవారిని శిక్షించుట వేరు. పూర్వము మొగలాయి, దక్కను ఆస్థానములలో జనానా ద్వారమును కాచుటకు ఖ్వాజాసరాలను నియమించెడివారు. వారిని, హిజ్రాలను ఒకే గాట కట్టరాదు. అయినను స్త్రీలకే ప్రత్యేకింపబడిన తావునకు కాపలాదారులుగ పురుషులును స్త్రీలును గానివారిని నమ్మిన సంప్రదాయము మనకు కలదు. అట్టి నేలమీద ఈ శాసనము వారికి వీధినే నిషేధించెను.

ప్రభువు పాలన తుదిదశలో రజాకారుల దౌర్జన్యము పెచ్చుపెరిగెను. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. ఆయన 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగ నుండి, 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూసెను. రాజ్యము పోయినను శాసనము పోలేదు. ఆంధ్రప్రదేశ్ చట్టముల నడుమ తెలంగాణ ప్రాంతపు చట్టముగ నిలిచియుండెను.

2014లో సుప్రీంకోర్టు, తాము స్త్రీలమో, పురుషులమో, తృతీయ లింగమునకు చెందినవారమో నిర్ణయించుకొను హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులదే యని తీర్పు చెప్పెను. వారికి ప్రత్యేకముగ మరుగుదొడ్లు కల్పింపుమని ప్రభుత్వములను ఆదేశించెను. 2019 నాటి కేంద్ర చట్టము జిల్లా మేజిస్ట్రేటు ద్వారా గుర్తింపుపత్రము పొందు మార్గమును ఏర్పరచెను. తుదకు 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ నిజాము నాటి శాసనము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఆ శాసనముతో ఇంచుమించు ఒకేయీడుదైన మూసీతీరపు భవనమే ఆ న్యాయస్థానమునకు నెలవు.

ఇంతటితో చిక్కులన్నియు తీరలేదు. స్త్రీల వసతిగృహములు, ఆసుపత్రి వార్డులు, స్నానశాలలు ఎవరికెట్లు చెందవలెనను ప్రశ్న మిగిలియున్నది. చిరకాల ప్రయత్నముచే స్త్రీలు సంపాదించుకొన్న మరుగును, వారి సంకోచమును తేలికగ చూడరాదు. అట్లని నిలువనీడలేని వారిని వెలివేయుటయు న్యాయము కాదు. తలుపు గడియ గల చిన్న గదులు, ప్రత్యేక వార్డులు, ఉభయుల మాట వినెడి ఓర్పు ఈ చిక్కును కొంత విడదీయగలవు.

ఉస్మాన్ అలీఖాను నగరమునకు మంచినీరిచ్చెను, విద్యనిచ్చెను. ఆయన ప్రభుత్వమే కొందరి పేర్లను అనుమానపు పట్టికలో వ్రాసెను. పేరు వ్రాయుట బంధించుటకును కావచ్చును, హక్కునిచ్చుటకును కావచ్చును. ప్రతి ఉదయమును హాజరుపట్టిక తెరచు ఉపాధ్యాయులకు ఈ భేదమును వేరుగ చెప్పనక్కరలేదు.