ఆకులో పిండిని చూపిన సాక్స్

పదో తరగతిలో ఆకు మీద అయోడిన్ వేసి చూశాం కదా! ఆ ప్రయోగం జూలియస్ సాక్స్ గారి చలవే.

ఆయన 1832లో బ్రెస్లౌలో (నేటి పోలండ్‌లో ఉంది) పుట్టారు. తండ్రి బొమ్మలు చెక్కేవాడు. గీయడం ఆయన దగ్గరే నేర్చారు. 1848లో తండ్రి, మరుసటేడు తల్లి పోయారు. చదువు ఆగింది. పుర్కిన్యే అనే ప్రొఫెసర్ ప్రాగ్‌కు పిలిచి, బొమ్మలు గీసే సహాయకుడిగా ఇంట్లోనే ఉంచుకున్నారు. అలా చదివి 1856లో డాక్టరేట్ పొందారు.

ఆకు పైపొర కింద కణాలు నిలువుగా, ఒత్తుగా ఉంటాయి. వాటి నిండా హరితరేణువులు. అడుగున గాలి తిరిగే ఖాళీలు, పత్రరంధ్రాలు. పిండిపదార్థం ఆ రేణువుల్లోనే, అదీ వెలుతురులోనే తయారవుతుందని సాక్స్ 1860లలో చూపారు. ఆకులో కొంత కప్పి ఎండలో ఉంచితే, అయోడిన్‌కు ఎండ తగిలిన భాగమే నల్లబడింది.

1868 నుంచి 1897లో చనిపోయేదాకా వుర్జ్‌బుర్గ్‌లో పాఠాలు చెప్పారు. తన పాఠ్యపుస్తకానికి చాలా బొమ్మలు తానే గీసుకున్నారు.