గాజు పలకల మీద మిగిలిన హైదరాబాదు

హైదరాబాద్: నాంపల్లి స్టేషనులో రైలు దిగి అబిడ్స్ మీదుగా బషీర్‌బాగ్ దాకా నడిచేవారికి, ఒకప్పుడు సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఎక్కడా కానరాదు. దానిని ఎన్నడో పడగొట్టారు. అయినా ఆ భవనం ఎలా ఉండేదో ఈనాటికీ చూడవచ్చు. అందుకు కారకులు రాజా దీన్ దయాళ్.

ఆయన హైదరాబాదువారు కారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో కొలువుకు కుదిరారు. ఎస్టిమేట్లు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా చేతపట్టారు. ఇందోరు మహారాజు తుకోజీరావు ఆయనను ప్రోత్సహించారు.

ఆనాడు ఫొటో తీయడం మాటలు కాదు. ఫిలిం రీలు లేదు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడే చీకటి డేరాలో కడగాలి. పెద్ద కెమెరా, సీసాలు, డేరా అన్నీ వెంట మోయించుకుపోవాలి. పలక చేయి జారితే పడ్డ శ్రమంతా వృథా.

తరువాత ఆయన సర్కారు నౌకరీ వదలి నిజాం రాజ్యానికి వచ్చారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఫొటోలంటే మక్కువ. 1894లో దీన్ దయాళ్‌ను తన ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించారు. రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదూ ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. (ఇదే నిజాం సేవకుడు ఆబిద్ దుకాణం పెట్టినచోటే నేటి అబిడ్స్.)

ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ఎదుటకు రాని కాలమది. వారి ముఖాలు వారితోనే మరుగున పడేవి. 1892లో దీన్ దయాళ్ జనానా స్టూడియో తెరిచారు. మగవాళ్ళెవరూ అందులో అడుగు పెట్టరాదు. ఫొటోలు తీసే బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు.

దర్బార్లు, వేటలు మాత్రమే ఆయన తీయలేదు. అప్పట్లో నిజాం ఏలుబడిలోని ఔరంగాబాద్ వైపు కరువు వచ్చినప్పుడు, ఎముకల గూళ్ళయిన కూలీలు కూడా ఆ కెమెరాకు ఎక్కారు.

1896లో బొంబాయిలో మరో స్టూడియో తెరిచారు. మరుసటి ఏడు విక్టోరియా రాణి గుర్తింపు లభించింది. కాని 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయారు. ఆ తరువాత 1905 జూలై 5న బొంబాయిలో దీన్ దయాళ్ కన్నుమూశారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ తరువాత వ్యాపారం క్షీణించింది.

గాజు పలకలను మాత్రం ఆ కుటుంబం పారవేయలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిలో 2,857 పలకలను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ళ వేసింది.