అమరేశ్వరుడి గుడి నిలబెట్టిన రాజు, దీపాలదిన్నె తవ్వించిన రాజు

పంచారామాల సిరీస్‌లో అమరావతి వీడియో చూశారు కదా. స్థలపురాణం, బాలచాముండికా అమ్మవారు, పై అంతస్తు నుంచి అభిషేకం అందుకునే ఆ పొడవాటి తెల్లని లింగం, అన్నీ అందులో వచ్చాయి. కానీ ఆ గుడికి ఇప్పుడు మనం చూస్తున్న రూపం ఇచ్చిన మనిషికి వీడియోలో చోటు చాల్లేదు. ఆయన పేరు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయన కోసమే ఈ పోస్ట్.

ముందుగా ఒక మాట. అమరావతి అనగానే చాలామంది మ్యాప్‌లో సచివాలయం దగ్గరికి వెళ్లిపోతున్నారు. అది వెలగపూడి, గుంటూరు జిల్లా. మన అమరేశ్వరుడు ఉన్నది పాత అమరావతిలో. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ ఊరు నరసరావుపేట కేంద్రంగా ఉన్న పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పక్కనే ధరణికోట. శాతవాహనుల కాలంలో ధాన్యకటకం అన్నది ఈ ప్రాంతాన్నే.

వెంకటాద్రి నాయుడు 1783లో జమీందారీ చేపట్టాడు. కృష్ణ ఒడ్డున చింతపల్లి కోట ఆయన సొంత చోటు. నదికి రెండు వైపులా వందల ఊళ్లు ఆయన కింద ఉండేవి. తండ్రి జగ్గయ్య పేరు మీద బేతవోలును జగ్గయ్యపేట చేశాడు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఆ బోర్డు మీరు చూసే ఉంటారు. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అప్పటి నుంచి జమీందారు అంటే పేరుకే రాజు. శిస్తు కట్టాలి, కంపెనీ సైనికుల్ని భరించాలి. చింతపల్లి కోటలోకి కంపెనీ బలగం వచ్చి కూర్చోవడం ఆయనకు తలవంపులైంది. ఆ ఊరు వదిలి 1790ల మధ్యలో అమరావతికి మకాం మార్చడానికి అదొక కారణం.

రెండో కారణం అమరావతి చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చాలా భక్తి వీడియోలు దీన్ని సగం చెప్పి వదిలేస్తాయి.

ఆ రోజుల్లో ఊళ్ల మీద దోపిడీలు ఎక్కువయ్యాయని, అది చెంచుల పనేనని రాజుకు ఫిర్యాదులు వచ్చాయట. ఆయన చెంచుల్ని విందుకు పిలిచాడు. నమ్మి వచ్చారు. వచ్చినవాళ్లని వరసగా నిలబెట్టి తలలు నరికించాడు. నూట యాభై మంది అని చెప్తారు. ఆ చోటునే నరుకుళ్లపాడు అంటారు. అమరావతి దగ్గర ఆ పేరుతో ఊరు ఇవాళ్టికీ ఉంది. ఆ తర్వాత రాజు భోజనానికి కూర్చుంటే విస్తట్లో అన్నం పురుగులుగా కనిపించేదని, ఏ వైద్యానికీ తగ్గలేదని, చివరికి అమరేశ్వరుడి సన్నిధికి వచ్చి సేవ మొదలుపెట్టాకే ఆయన నోటికి ముద్ద దిగిందని కథ.

దీన్ని శివుడి మహిమగా చెప్పుకోవడం తేలిక. నాకు మాత్రం ఆ నూట యాభై మంది దగ్గరే మనసు ఆగిపోతుంది. చెంచులు ఎవరండీ? అహోబిలంలో నరసింహస్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి పుట్టింటివాళ్లు. శ్రీశైలంలో మల్లన్నను చెంచుమల్లయ్య అని పిలుచుకునేవాళ్లు. దేవుడి అత్తింటివాళ్లని అన్నం పెడతానని పిలిచి చంపాడన్నమాట. పురుగుల సంగతి మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ మనిషికి తిండి సహించలేదన్న మాట మాత్రం నేను నమ్ముతాను.

అలా అమరావతి చేరాడు. వచ్చినవాడు ఊరికే పూజలు చేసుకుంటూ కూర్చోలేదు. వీధులు తీర్చాడు, కోమట్లను, బ్రాహ్మణులను రప్పించి ఇళ్లు కట్టించాడు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు, మాన్యాలు ఇచ్చాడు. ఇవాళ మనం మెట్లెక్కి దర్శనం చేసుకునే ఆవరణలో ఆయన కాలం నాటి పని చాలా ఉంది.

అయితే గుడి అంతకంటే ఎంతో పాతది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఇక్కడ తులాభారం తూగాడని శాసనం ఉంది. అంతకు మూడు వందల ఏళ్ల ముందు, 1182లో, ధరణికోటను ఏలిన కోట వంశపు కేతరాజు వేయించిన శాసనం ఇంకా ఆసక్తికరం. ఈ ఊళ్లో అమరేశ్వరుడు ఉన్నాడని, దగ్గర్లోనే బుద్ధుడు ఉన్నాడని, ఎత్తైన చైత్యం ఉందని అది ఒకే ఊపిరిలో చెప్తుంది. బుద్ధుడి ముందు దీపాలకు దానం కూడా నమోదు చేస్తుంది. ఆ శాసనం ఉన్నది ఎక్కడో కాదు, అమరేశ్వరాలయం స్తంభం మీదే! శివభక్తుడైన రాజు శివుడి గుడిలో నిలబడి బుద్ధుడి దీపానికి నూనె లెక్క రాయించాడు. శ్రీలంకలో గడలదేణియ దగ్గర 1344 నాటి శాసనం కూడా ఒకటుంది. ధాన్యకటకంలో ఒక బౌద్ధ మందిరాన్ని బాగుచేయించిన సంగతి అందులో ఉంది. అంటే పద్నాలుగో శతాబ్దం దాకా ఆ చైత్యానికి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత నాలుగున్నర వందల ఏళ్లలో అంతా మరుగున పడింది. మట్టి కప్పేసింది, చెట్లు మొలిచాయి. గుడికి కాస్త దూరంలో ఒక దిబ్బ మాత్రం మిగిలింది. జనం దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. ఎందుకు దీపాలో ఎవరికీ తెలీదు. పేరొక్కటే గుర్తుంది.

వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతున్నాడు. ఇటుక కావాలి, రాయి కావాలి. పైగా దిబ్బలో నిధి ఉందన్న ఆశ కూడా. పలుగూ పారా పట్టించి తవ్వించాడు. నిధి దొరకలేదు. దొరికింది మన పలనాటి సున్నపురాయి మీద చెక్కిన బొమ్మలు. గున్న ఏనుగులు, పూలదండలు మోసే మనుషులు, బోధివృక్షం, ధర్మచక్రం. దాదాపు యాభై మీటర్ల అడ్డకొలత ఉన్న మహాచైత్యం అది. క్రీస్తుకు పూర్వమే మొదలై శాతవాహనుల కాలంలో పాలరాయిలా మెరిసేట్టు తయారైంది. రాజు మనుషులకు అది మంచి నాపరాయి, అంతే. ఇటుకలు ఇళ్లకు పోయాయి. రాళ్లు కొన్ని శివగంగ చెరువు మెట్లకు, కొన్ని చిన్నాచితకా గుళ్లకు పోయాయి. కొన్నింటిని సున్నం బట్టీలో కాల్చేశారు.

1797లో ఈ తవ్వకం సంగతి కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు చెవిన పడింది. మన ఊళ్ల కైఫీయతులు రాయించింది ఈయనే. మరుసటి ఏడు వచ్చి చూశాడు. పరవశించిపోయాడు గానీ ఆయనకూ అది జైనులదే అనిపించింది. 1807లో అచ్చయిన ఆయన వ్యాసంలోనూ అదే ఉంటుంది. దేశమంతా తిరిగి రాళ్లు చదివిన మనిషికే అది బుద్ధుడిదని తెలియలేదు. అలాంటప్పుడు రాజు కావాలని బౌద్ధాన్ని పడగొట్టించాడని ఇవాళ కొందరు రాయడం నాకు ఒప్పదు. ఎవరి గుడో తెలిసి కూల్చడం వేరు, ఎవరిదో తెలియని దిబ్బను తవ్వడం వేరు. అలాగని ఏమీ జరగలేదన్నట్టు దాటేయడమూ ఒప్పదు. అంత అందమైన బొమ్మ కళ్లెదుట బయటపడ్డాక కూడా దాన్ని మెట్టుగా వేయించాడు కదా!

గుడి కింద గుడి ఉండడం మన ఒక్కచోటి సంగతి కాదు. రోమ్‌లో శాన్ క్లెమెంటే అనే చర్చి ఉంది, పన్నెండో శతాబ్దానిది. 1857లో అక్కడి పాదరీ జోసెఫ్ ముల్లూలీ నేల కింద తవ్విస్తే నాలుగో శతాబ్దపు చర్చి బయటపడింది. దాని కింద ఇంకా పాత రోమన్ కట్టడాలు, మిత్ర అనే దేవుడి పూజామందిరం. ఇప్పుడు యాత్రికులు పైన ప్రార్థన చేసుకుని, మెట్లు దిగి కిందివన్నీ చూసి వస్తారు. పైవాళ్ల భక్తికి దానివల్ల ఏ లోటూ రాలేదు. రోమ్ అంటే మనకు సంబంధం లేని ఊరు అనుకోకండి. వినుకొండలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేల కుండ దొరికింది. మాచర్ల దగ్గర నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారు నాణేలు వచ్చాయి. ఆ కాలపు వర్తకుల్లో చాలామంది బౌద్ధులే. ధాన్యకటకం స్తూపం రాళ్ల మీద దాతలుగా వాళ్ల పేర్లు కనిపిస్తాయి.

అమరేశ్వర లింగం కూడా ఒకప్పుడు బౌద్ధ స్తంభమేనని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. కాదు, ఇంద్రుడు ప్రతిష్ఠించిన ఆత్మలింగ శకలం అని స్థలపురాణం. దీని మీద ఆవేశపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆ 1182 శాసనం ముందు ఒక్క నిమిషం నిలబడండి. అప్పటివాళ్లకు ఇద్దరు దేవుళ్లూ ఒకే ఊళ్లో ఉండటం ఇబ్బంది కాలేదు.

రాజు కథకు వస్తే, ఆయన చేతికి ఎముక లేదు. చేబ్రోలులో కోనేరు మధ్య చతుర్ముఖ బ్రహ్మ గుడి కట్టించాడు. బ్రహ్మకు గుళ్లు ఎంత అరుదో మీకు తెలుసు. మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామికి 1807 నుంచి 1809 వరకు పదకొండు అంతస్తుల గాలిగోపురం లేపాడు. 153 అడుగులు! కింద అడుగుభాగం చూస్తే అంత ఎత్తు ఎలా నిలబడిందా అనిపిస్తుంది. అది కట్టించుకున్న దేవుడు నరసింహుడు, చెంచులక్ష్మి మగడు. రాజు మనసులో ఆ లెక్క ఉందో లేదో మనం చెప్పలేం. నేను మాత్రం ఆ గోపురం కింద నుంచి నడిచినప్పుడల్లా నరుకుళ్లపాడు గుర్తొస్తుంది.

పిల్లలు లేరు. ఒకరిని దత్తత తీసుకుని, ఆయన బతికుండగానే ఇంకొకరిని కూడా తీసుకున్నాడు. రాజు పోయాక ఆ రెండు దత్తతల మీద తగువు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తుడు ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు. లా చదివేవాళ్లు రంగమ్మ, అచ్చమ్మల కేసు అని ఇప్పటికీ చదువుతారు. ఈలోగా ఆస్తి కోర్టు ఖర్చుల కింద కరిగిపోయింది. మిగిలింది గుళ్లకు ఇచ్చిందే.

వెంకటాద్రి నాయుడు 1816లో పోయాడు. అదే ఏడాది మెకంజీ మళ్లీ అమరావతి వచ్చాడు. దిబ్బ నడిమధ్యను తవ్వేసి చెరువులా చేసి ఉంచారు. ఈసారి ఆయన మిగిలిన ప్రతి రాయికీ కొలతలతో బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. ఆ చిత్రాల పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. స్తూపం ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నామంటే చాలావరకు ఆ బొమ్మల పుణ్యమే.

నష్టం రాజుతో ఆగలేదు. తర్వాత ఒక కలెక్టరు కొన్ని రాళ్లను తన పేరు పెట్టుకున్న పేట అలంకారానికి బందరు తరలించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు పోయాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా పలకలు, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఇంకొన్ని. స్తూపం ఉన్నచోట మిగిలింది గుండ్రటి ఇటుకల మట్టం, చుట్టూ కొన్ని రాళ్లు, గడ్డి. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర కోసం అమరావతి వచ్చినప్పుడు మాత్రం ఊరు మళ్లీ పాతకాలంలా నిండిపోయింది.

కార్తీకంలో వెళ్లేవాళ్లు పొద్దున్నే కృష్ణలో స్నానం చేసి అమరేశ్వరుడి అభిషేకం చూసుకోండి. పక్కనే శాసన స్తంభం ఎక్కడుందో అర్చకుల్ని అడగండి. తర్వాత దీపాలదిన్నెకు, పురావస్తు శాఖ మ్యూజియంకు వెళ్లండి, దూరమేం కాదు. మ్యూజియంకు శుక్రవారం సెలవు, అందుకని ప్రయాణం వేరే రోజు పెట్టుకోండి.