రకం అడగడం నేర్పిన బెర్ట్రండ్ రస్సెల్



పైథాన్ నేర్చుకునే పిల్లలు మొదట్లోనే ఒక వింత చూస్తారు. ఇన్‌పుట్ అడిగినప్పుడు 5 కొట్టి, దానికి మళ్లీ దాన్నే కలిపితే 10 రాదు, 55 వస్తుంది. ఎందుకంటే కీబోర్డు నుంచి వచ్చిన ఆ 5 కంప్యూటర్‌కు అంకె కాదు, అక్షరం. అంటే స్ట్రింగ్. టైప్ అనే ఫంక్షన్‌తో అడిగితే ఆ సంగతి కంప్యూటరే చెబుతుంది. పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోవాలన్న ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. దాన్ని గణితంలోకి తెచ్చినవారు బెర్ట్రండ్ రస్సెల్.

రస్సెల్ 1872 మే 18న వేల్స్‌లో పుట్టారు. నాలుగేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ చనిపోయారు. నాయనమ్మ పెంచింది. చిన్నప్పటి చదువు ఇంట్లోనే, ట్యూటర్ల దగ్గర. పదకొండేళ్లప్పుడు అన్న ఫ్రాంక్ యూక్లిడ్ జామెట్రీ మొదలుపెట్టాడు. రుజువు లేని మొదటి సూత్రాలను ఎందుకు ఒప్పుకోవాలని తమ్ముడు అడ్డం తిరిగాడు. ఒప్పుకోకపోతే పాఠం సాగదని అన్న చెప్పడంతో తలూపాడు గానీ, సందేహం పోలేదు.

1890లో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చేరారు. 1901లో ఆ పాత సందేహమే ఆయన్ను ఒక చిక్కుముడి దగ్గరికి చేర్చింది. దాన్ని లైబ్రరీ ఉదాహరణతో చెప్పుకోవచ్చు. కొన్ని క్యాటలాగుల్లో వాటి పేరు కూడా ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. తమ పేరు లేని క్యాటలాగులన్నింటికీ కలిపి ఒక క్యాటలాగ్ రాస్తే, అందులో దాని పేరు ఉండాలా? రాస్తే తప్పు, రాయకపోయినా తప్పు!

1902 జూన్‌లో ఈ చిక్కును జర్మనీలోని ఫ్రేగేకు ఉత్తరంలో రాశారు. అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టడానికి ఫ్రేగే ఇరవై ఏళ్లకు పైగా శ్రమించారు. ఆ గ్రంథం రెండో సంపుటం అప్పుడు అచ్చులో ఉంది. పునాదే కదిలిపోయినా ఆయన దాచలేదు. తప్పును వివరిస్తూ చివర అనుబంధం చేర్చారు.

చిక్కు విప్పడానికి రస్సెల్‌కు ఏళ్లు పట్టింది. 1908లో రకాల సిద్ధాంతాన్ని వివరంగా ప్రచురించారు. పుస్తకాలు ఒక మెట్టు, వాటి జాబితాలు పై మెట్టు, జాబితాల జాబితాలు ఇంకా పై మెట్టు. ఏ జాబితా అయినా తన కింది మెట్టువాటినే చేర్చుకోవాలి. అప్పుడు ఆ ప్రశ్నకే చోటుండదు. ఇదే పద్ధతి మీద వైట్‌హెడ్‌తో కలిసి 1910-1913 మధ్య ప్రిన్సిపియా మాథమాటికా మూడు సంపుటాలు తెచ్చారు. 1940లో అలోంజో చర్చ్ ఈ సిద్ధాంతానికి సరళమైన రూపం ఇచ్చారు. ప్రోగ్రామింగ్ భాషల్లో టైపుల అధ్యయనానికి అది ఒక పునాది అయింది.

యుద్ధాన్ని వ్యతిరేకించి 1918లో జైలుకెళ్లిన రస్సెల్, 1950లో సాహిత్యంలో నోబెల్ అందుకున్నారు. 1970 ఫిబ్రవరి 2న, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంట్లో ఒకసారి పిల్లల్ని అడిగి చూడండి: హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040 అంకెనా, అక్షరాలా? అంకెగా దాస్తే ముందున్న సున్నా పోయి 40 మిగులుతుంది. జవాబు చెప్పాక వాళ్లు తిరిగి ఎందుకని అడిగితే, దయచేసి విసుక్కోకండి. రస్సెల్ కథ మొదలైంది ఆ ప్రశ్నతోనే.