పీఠం వదిలిన మదనపల్లె బిడ్డ

బడిలో మొద్దబ్బాయి అనిపించుకున్న కుర్రవాడు పదహారేళ్ల ప్రాయానికి కాబోయే జగద్గురువుగా దేశదేశాల్లో పూజలందుకున్నాడు. ముప్పై నాలుగో ఏట ఆ పీఠాన్ని తానే కాదని దిగివచ్చాడు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. చిత్తూరు జిల్లా అప్పటికింకా ఏర్పడలేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కావడంతో శ్రీకృష్ణుని పేరు పెట్టారు. పసితనంలోనే మలేరియా పట్టుకుని ఏళ్ల తరబడి పీడించింది. 1905లో, పదేళ్ల వయసులో తల్లి పోయింది. చదువు తలకెక్కలేదు. పాఠం అప్పజెప్పలేక ఉపాధ్యాయుల చేతి దెబ్బలు తినని రోజు అరుదు.

అడయారు తీరాన

ఉద్యోగ విరమణ తర్వాత నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరారు. ఆ ఏడాదే సముద్రతీరంలో ఆడుకుంటున్న బక్కపలచని కృష్ణమూర్తి సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంటబడ్డాడు. ఈ బాలుడిలో స్వార్థం ఇసుమంతైనా లేదనీ, లోకం ఎదురుచూస్తున్న జగద్గురువు ఇతని రూపంలోనే వస్తాడనీ ఆయన చెప్పాడు. సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో కృష్ణమూర్తిని అధిపతిగా నిలిపి నక్షత్ర సంఘం స్థాపించారు.

అన్నదమ్ములను ఆ ఏడే ఇంగ్లండు తీసుకువెళ్లారు. బిడ్డలను తిరిగి ఇప్పించమని తండ్రి కోర్టుకెక్కారు. మద్రాసులో తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చినా, లండనులోని ప్రీవీ కౌన్సిల్ 1914లో అనిబిసెంట్ పక్షాన నిలిచింది. అక్కడా కృష్ణమూర్తికి చదువు అబ్బలేదు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు పలుమార్లు తప్పారు. కాని ఆయన ఎక్కడికి వెళ్లినా భక్తులు బారులు తీరేవారు. ధనవంతులు కోటలు, భూములు రాసిచ్చారు.

తమ్ముని మరణం

ఆయనకు ఈ లోకంలో నిజమైన తోడు తమ్ముడు నిత్యానంద ఒక్కడే. నిత్యానందకు క్షయ సోకింది. జగద్గురువు కార్యానికి తమ్ముడు అవసరం కనుక దివ్యగురువులు కాపాడతారన్న అభయాన్ని కృష్ణమూర్తి నమ్మారు. 1925 నవంబరులో ఓడలో భారతదేశానికి వస్తుండగా, సూయజ్ కాలువ వద్ద తంతి అందింది. తమ్ముడు అమెరికాలో మరణించాడని అందులో ఉంది. రోజుల తరబడి ఆయన కుమిలిపోయారు. నమ్మమన్నదాన్ని నమ్మి బతికిన మనిషికి అది గొడ్డలిపెట్టు. ఆ దుఃఖం నుంచి పారిపోకుండా, తన నమ్మకం ఎక్కడ పుట్టిందో తానే చూసుకోవడం మొదలుపెట్టారు.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో సంఘం మహాసభ జరిగింది. సుమారు మూడు వేలమంది కూర్చున్నారు. తల్లిలా పెంచిన అనిబిసెంట్ ఎదుటే ఉన్నారు. ఆ సభలోనే కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. సత్యాన్ని సంఘంలో చేర్చి పంచిపెట్టడం సాధ్యం కాదనీ, తనకు శిష్యులు అక్కర్లేదనీ తేల్చి చెప్పారు. కానుకగా వచ్చిన కోటను, భూములను దాతలకు తిరిగి ఇప్పించారు. పీఠం కోసం కొట్లాడుకునే లోకంలో ఇది అరుదైన ఘట్టం.

పాలు పితికిన తత్త్వవేత్త

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన అమెరికాలోని ఓహాయ్‌లో ఉండిపోయారు. అక్కడ ఆవు పాలు పితికారు, కూరగాయలు పండించారు, కోళ్లను, తేనెటీగలను సాకారు. 1947లో స్వదేశానికి వచ్చినప్పటి నుంచి భారత్, యూరప్, అమెరికాల మధ్య తిరుగుతూ ప్రసంగించారు. చిన్ననాటి తెలుగు ఆయన నోట నిలవలేదు. ఇంగ్లీషులోనే మాట్లాడేవారు.

ఆయన బోధ సారం సామాన్యులకూ అందేదే. తనను తాను తెలుసుకోవడానికి అడవికి పోనక్కరలేదు. ఆలితో, బిడ్డలతో, ఇరుగుపొరుగుతో ఎలా మాట్లాడుతున్నామో గమనిస్తే చాలు. కోపం వచ్చినప్పుడు సమర్థించుకోకుండా, తిట్టుకోకుండా దాన్ని ఉన్నదున్నట్టు చూడాలి. అసూయనైనా, భయాన్నైనా అంతే. తన మాటనైనా పరీక్షించకుండా ఒప్పుకోవద్దని శ్రోతలను పదేపదే హెచ్చరించేవారు.

ఆయన జీవితంలోనూ చిక్కులు లేకపోలేదు. పుస్తకాలు, ఆస్తుల నిర్వహణపై చిరకాల మిత్రునితో తగాదా అమెరికాలో కోర్టుకెక్కింది.

మదనపల్లెకు చేరువలో, కొండల నడుమ వెలసిన రిషివ్యాలీ పాఠశాల ఆయన ఆశయానికి గుర్తు. భయపెట్టి, ఒకరితో ఒకరిని పోల్చి చదువు చెప్పరాదన్నది ఆయన పట్టుదల. దెబ్బలు తిన్న బాల్యం ఆయనది మరి. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లె పిల్లలకూ బడులు నడిపింది.

1986 జనవరిలో మద్రాసులో చివరి ప్రసంగాలు చేశారు. దేశం విడిచే రోజున అడయారు తీరాన మరోసారి నడిచారు. డెబ్బై ఏడేళ్ల కిందట లెడ్‌బీటర్ కంటబడింది ఆ తీరానే. ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో, తొంభయ్యో ఏట క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన తరఫున మాట్లాడే అధికారం ఎవరికీ లేదని ముందే చెప్పిపోయారు. ఒకరు తింటే మరొకరి ఆకలి తీరదు. ఎవరి మనసును వారే చూసుకోవాలన్నది ఆయన మాటల్లోనే కాదు, బతుకులోనూ కనిపిస్తుంది.