తరిగొండ వెంగమాంబ

తరిగొండ వెంగమాంబ (1730 - 1817) 18వ శతాబ్దానికి చెందిన తెలుగు కవయిత్రి, యోగిని, శ్రీ వేంకటేశ్వరస్వామి భక్తురాలు. వితంతువులపై కఠిన ఆంక్షలున్న కాలంలో వాటిని ధిక్కరించి, యోగ వేదాంత విషయాలపై విస్తృతంగా రచనలు చేసిన స్త్రీగా తెలుగు సాహిత్యంలో ఈమెకు ప్రత్యేక స్థానం ఉన్నది.

జీవితం

వెంగమాంబ రాయలసీమలో వాయల్పాడు సమీపంలోని తరిగొండ గ్రామంలో జన్మించింది. తల్లిదండ్రులు మంగమాంబ, కృష్ణయామాత్యుడు. బాల్యంలోనే వివాహమై, కొద్దికాలానికే భర్తను కోల్పోయింది. వేంకటేశ్వరుడే తన భర్త అని ప్రకటించి, శిరోముండనానికి, సుమంగళీ చిహ్నాలను విడువడానికి నిరాకరించింది. ఈ విషయమై పుష్పగిరి పీఠాధిపతి ఎదుట కూడా ఆమె తన పట్టు వీడలేదని జనశ్రుతి. మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికుడు ఆమెకు గురువు.

గ్రామస్థుల నిందల నడుమ తరిగొండను విడిచి తిరుమల చేరింది. అక్కడ కూడా కొందరితో విభేదాలు రాగా తుంబురుకోనకు వెళ్ళి, ఏకాంతంగా తపస్సు చేసి, కొన్నేళ్ళ తరువాత తిరిగి వచ్చిందని చెబుతారు. 1817లో తిరుమలలోనే పరమపదించింది.

రచనలు

తనకు ఎవరూ చదువు చెప్పలేదని, కవిత్వం దైవానుగ్రహమేనని ఆమె తన రచనలో చెప్పుకున్నది. అయినప్పటికీ శతకము, యక్షగానము, ద్విపద, పద్యకావ్యము వంటి అనేక ప్రక్రియలలో రచనలు చేసింది. తరిగొండ నృసింహుని, వేంకటేశ్వరుని ఒకే దైవంగా భావించి కృతులను అంకితమిచ్చింది.

తరిగొండ నృసింహ శతకము, శివ నాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము తరిగొండలో వ్రాసినవి. వీటిలో రాజయోగామృతసారము కపిలుడు తన తల్లి దేవహూతికి చేసిన బోధను ద్విపదలో వివరిస్తుంది. యోగవిద్యను ఒక స్త్రీ అభ్యసించే కథను మరొక స్త్రీ తెలుగులో చెప్పడం ఈ కృతి విశేషం.

విష్ణుపారిజాతము, ముక్తికాంతా విలాసము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, అష్టాంగ యోగసారము తిరుమల కాలపు రచనలు. శ్రీ వేంకటాచల మాహాత్మ్యము అన్నిటికంటె ప్రసిద్ధము. పద్మావతీ శ్రీనివాసుల పరిణయ గాథ తెలుగువారి ఇళ్ళలో వ్యాపించడానికి ఈ కావ్యం ఎంతో తోడ్పడింది.

ఆరాధనలో స్థానం

తిరుమల ఆలయంలో ఏకాంతసేవ సమయాన తాళ్ళపాకవారి లాలితో పాటు వెంగమాంబ పేరిట ముత్యాలహారతి సమర్పించడం సంప్రదాయం. ఆమె బృందావనం తిరుమలలో ఉన్నది. యాత్రికులకు అన్నదానం చేసిన ఆమె స్మృత్యర్థం 2011లో తిరుమలలో ప్రారంభమైన నిత్యాన్నదాన భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. సొంత ఊరిలో నిందలు భరించిన స్త్రీ పేరు ఈ విధంగా ఆలయ నిత్యసేవలో నిలిచిపోయింది.