కలకత్తా గాయని గౌహర్‌జాన్

1873లో ఆజంగఢ్‌లో జన్మించిన ఏంజెలీనా యోవార్డు, తలిదండ్రులు విడిపోయిన పిమ్మట తల్లితో కాశీ చేరెను. అచట ఇరువురును ఇస్లాము స్వీకరించి మల్కాజాన్, గౌహర్‌జాన్ అను పేర్లు దాల్చిరి. 1883లో కలకత్తాకు వచ్చిరి. తల్లి గాయని, కవయిత్రి. ఆమె గానమే ఆ యింటికి ఆధారము. 1887లో దర్భంగా ఆస్థానమున కుమార్తె తొలి కచేరి జరిగెను.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాకు రాగా గౌహర్ వారి యంత్రము నెదుట పాడెను. గంటలకొలది విస్తరించు రాగమును మూడు నిమిషములకు కుదించుట సామాన్యమా! రికార్డులు అచ్చగునది జర్మనీలో. పాడినదెవరో అచటివారికి తెలియుటకై పాట చివర తన పేరును ఆంగ్లమున ప్రకటించుచుండెను.

తల్లి మరణించిన తరువాత ఆస్తికై వ్యాజ్యము నడచెను. తన జన్మమును ఋజువు చేసికొనుటకు, ఎన్నడో విడిచిపోయిన తండ్రిని వెదకి సాక్ష్యమునకు పిలువవలసివచ్చెను. గెలిచెను గాని సంపద నిలువలేదు. 1928లో మైసూరు ఆస్థానమున చేరి, 1930 జనవరి 17న అచటనే కన్నుమూసెను.